ఇంట్లో పుట్టిన బడి



ఈ పాఠం బడి గురించి. మనం రోజూ పిల్లల్ని పంపే బడి గురించి.

వేములపల్లి చుట్టుపక్కల ఊళ్ళల్లో రెండు రకాల బడులు ఉన్నాయి. ఒకటి సర్కారు బడి. రెండోది ప్రైవేటు బడి. ప్రైవేటు బడుల్లో పెద్దవి ఉన్నాయి, చిన్నవి ఉన్నాయి. చిన్న బడిని ఎక్కువగా ఒక కుటుంబమే నడుపుతుంది. భర్త హెడ్మాస్టరు. భార్య చిన్న పిల్లల తరగతి చూస్తుంది. తమ్ముడో మరదలో ఫీజు లెక్కలు రాస్తారు. ఇంటి ముందు గదులే తరగతి గదులు.

ఇటువంటి బడి ఎట్లా పుడుతుంది? ఎట్లా పెరుగుతుంది? దానిలో మన పైసలు ఎటు పోతాయి? మనం ఏం చూడాలి? ఏం అడగాలి? చదువు నేర్చిన తల్లి ఈ సంగతులన్నీ తెలుసుకోవాలి.

కూతురు పంతులమ్మ, తల్లి విద్యార్థి

ముందు ఒక పాత బడి సంగతి తెలుసుకుందాం. అది గోదావరి సీమలో పుట్టింది. పెట్టింది ఒక చిన్న పిల్ల. ఆమె పేరు దుర్గాబాయి.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తల్లి పేరు కృష్ణవేణమ్మ. దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు పెళ్ళి అయితే చదువు ఆగినట్టే. కాని దుర్గాబాయి చదువు ఆపలేదు.

అప్పుడు దేశంలో స్వాతంత్ర్య పోరాటం నడుస్తోంది. దేశంలో అందరూ మాట్లాడుకోవడానికి ఒక భాష ఉండాలని గాంధీజీ చెప్పేవారు. దుర్గాబాయి హిందీ నేర్చుకుంది. తాను నేర్చుకుని ఊరుకోలేదు. తల్లికి కూడా నేర్పింది. 1923లో తమ వీధిలోనే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టింది. అప్పటికి ఆమె పదమూడు, పధ్నాలుగేళ్ళ పిల్ల.

చూడండి! మన ఇళ్ళల్లో తల్లి బిడ్డకు నేర్పుతుంది. ఆ ఇంట్లో బిడ్డ తల్లికి నేర్పింది. తల్లి సిగ్గు పడలేదు. "నా కడుపున పుట్టినదాని దగ్గర నేను నేర్చుకునేదేంది?" అనుకోలేదు. మనలో ఎంతోమంది ఇప్పుడు కొడుకు దగ్గర, బిడ్డ దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుతున్నాం. దానిలో తప్పేమీ లేదు.

ఆ బడికి పెద్ద మేడ లేదు. సర్కారు సాయం లేదు. నేర్పేవాళ్ళు ఉన్నారు. నేర్చుకునేవాళ్ళు ఉన్నారు. బడి మొదలు కావడానికి అది చాలు.

ఒక గుంపు సంస్థ అయింది

తరువాత దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది. జైలు నుంచి వచ్చాక ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టింది. బనారసు విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాసింది. బి.ఏ. చదివింది. లా చదివి వకీలు అయింది.

మద్రాసులో మైలాపూరు అనే పేట ఉంది. అక్కడ ఆమె చుట్టుపక్కల పిల్లల్ని చేరదీసింది. పాటలు, ఆటలు, చదువు నేర్పింది. పిల్లల వెనుక తల్లులు వచ్చారు. చదువు మధ్యలో ఆపిన ఆడవాళ్ళు వచ్చారు. "మేము కూడా పరీక్ష రాస్తాం" అన్నారు. వాళ్ళకు బనారసు మెట్రిక్ పాఠాలు చెప్పడం మొదలైంది. 1937లో అది ఆంధ్ర మహిళా సభ అయింది.

ఆ సభ మెల్లమెల్లగా పెరిగింది. బడులు, కాలేజీలు, ఆసుపత్రి, నర్సుల శిక్షణ వచ్చాయి. మద్రాసు నుంచి హైదరాబాదుకు కూడా వచ్చింది. పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే పనికి హైదరాబాదులో లిటరసీ హౌస్ పెట్టారు. మనలాంటి వాళ్ళు చదివే వాచకాలు తయారు చేయడం అక్కడి పనుల్లో ఒకటి.

దుర్గాబాయి రాజ్యాంగ సభలో సభ్యురాలు అయింది. 1981లో కన్ను మూసింది. ఆమె నాటిన సంస్థ మాత్రం నిలిచింది. ఎందుకు నిలిచింది? ఒక మనిషి మీదనే ఆధారపడకుండా సంఘంగా మారింది. అందుకే నిలిచింది.

మన దిక్కు బడులు ఎందుకు తక్కువ?

మన నల్లగొండ జిల్లా 1948 దాకా నిజాం రాజ్యంలో ఉంది. పై చదువు ఉర్దూలో చెప్పేవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో చదివేది ఉర్దూ. పేదింటి పిల్లకు అది ఎట్లా అందుతుంది?

ఊళ్ళల్లో కొందరు సొంతంగా చిన్న చిన్న బడులు నడిపేవాళ్ళు. వాటిని ఖాన్గీ బడులు అనేవాళ్ళు. ఖాన్గీ అంటే ప్రైవేటు అని అర్థం. 1920ల్లో నిజాం సర్కారు వాటి మీద కట్టుబాట్లు పెట్టింది. అనుమతి లేకుండా బడి నడపరాదని చెప్పింది. అనుమతి దొరకడం కష్టం. ఎన్నో బడులు మూతబడ్డాయి. ఆ కట్టుబాట్లు తీసెయ్యాలని ఆంధ్ర మహాసభ అడిగింది.

ఆ కష్టకాలంలోనే మాడపాటి హనుమంతరావు గారు, ఆయన మిత్రులు ఒక పని చేశారు. 1928లో హైదరాబాదులో ఆడపిల్లల కోసం తెలుగు బడి పెట్టారు. దాని పేరు ఆంధ్ర బాలికోన్నత పాఠశాల.

ఆ బడికి ఒక పెద్ద చిక్కు వచ్చింది. పిల్లలు చదువుతున్నారు. కాని పరీక్ష ఎక్కడ రాయాలి? హైదరాబాదులో మెట్రిక్ ఉర్దూలో ఉంది. అప్పుడు వాళ్ళు మహారాష్ట్ర వైపు చూశారు. అక్కడ కార్వే గారు 1916లో ఆడవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం పెట్టారు. అక్కడ మాతృభాషలో చదువుకోవచ్చు. హైదరాబాదు తెలుగు బడి ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకుంది. పిల్లలు పరీక్ష రాయడానికి దారి దొరికింది.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. బడి పెట్టడం ఒక పని. ఆ బడి చదువు చెల్లేటట్టు చేయడం ఇంకో పని. రెండో పని జరగకపోతే పిల్ల పదేళ్ళు చదివినా చేతికి కాగితం రాదు.

కాలువ నీళ్ళు వచ్చాక

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాది రాయి వేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మన దిక్కు పొలాలకు వచ్చాయి. వరి పంట పెరిగింది. మిర్యాలగూడలో బియ్యం మిల్లులు పెరిగాయి. నాట్లు, కలుపు, కోత, మిల్లు పని దొరికాయి.

చేతిలో నాలుగు పైసలు ఆడితే తల్లి ముందు ఏం ఆలోచిస్తుంది? "నా బతుకు బురదలో పోయింది. నా పిల్లలది అట్లా పోవద్దు" అనుకుంటుంది. ఆ ఆశను చూసే ఊరూరా చిన్న ప్రైవేటు బడులు లేచాయి. చదువుకుని కొలువు దొరకని పిల్లలకు కూడా బడి ఒక బతుకుదెరువు అయింది.

బడి పెరిగే తీరు

చిన్న బడి చెట్టు లాగా పెరుగుతుంది. మొదటి ఏడు నర్సరీ, ఎల్.కె.జి., యు.కె.జి. ఉంటాయి. పిల్లలు ఇరవై, ముప్పై మంది. మరుసటి ఏడు ఒకటో తరగతి వస్తుంది. ఆ తరువాత రెండు, ఆ తరువాత మూడు. ఏడాదికి ఒక తరగతి పెరుగుతుంది. ఐదో తరగతి దాకా రావడానికి ఐదారేళ్ళు పడుతుంది.

మొదట ఇంటి వసారాలో కూర్చోబెడతారు. తరువాత రేకుల షెడ్డు వేస్తారు. ఇంకొన్నాళ్ళకు ఆటో మాట్లాడతారు. పక్క ఊరి పిల్లలు వస్తారు. బడి పెట్టినామె పొద్దున్నే లేస్తుంది. గదులు ఊడుస్తుంది. పాఠం చెబుతుంది. ఏడ్చే పిల్లను చంకన వేసుకుంటుంది. సాయంత్రం ఫీజు కోసం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆమె పనికి జీతం ఎక్కడా రాయరు.

కుటుంబం నడిపే బడికి ఒక బలం ఉంది. బడి నడిపేవాళ్ళు మనకు తెలిసినవాళ్ళు. పిల్ల పేరు, తల్లి పేరు, ఇంటి కష్టం వాళ్ళకు తెలుసు. ఫీజు పది రోజులు ఆలస్యమైతే ఓర్చుకుంటారు. ఒక బలహీనత కూడా ఉంది. ఇంటి ఖర్చు, బడి ఖర్చు ఒకే డబ్బాలో పడతాయి. ఇంట్లో జబ్బు చేసినా, పెళ్ళి వచ్చినా బడి పైసలు కరుగుతాయి. అప్పుడు దెబ్బ ఎవరికి? టీచరు జీతానికి. పిల్ల చదువుకు.

లెక్క చేద్దాం

ఇది నిజం బడి లెక్క కాదు. నేర్చుకోవడానికి వేసిన లెక్క.

బడిలో 60 మంది పిల్లలు ఉన్నారు అనుకుందాం. నెలకు ఒక్కొక్కరికి 600 రూపాయల ఫీజు.

60 × 600 = 36,000 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం.

ముగ్గురు టీచర్లకు, 6,000 చొప్పున: 18,000
గదుల కిరాయి: 5,000
ఆయమ్మ జీతం: 3,000
కరెంటు, చాక్‌పీసులు, కాగితాలు: 2,000
మొత్తం: 28,000 రూపాయలు.

36,000 లో 28,000 తీసేస్తే 8,000 మిగులుతుంది. భార్యాభర్తలు ఇద్దరు పని చేశారు. వాళ్ళిద్దరికీ మిగిలింది ఇదే.

పది మంది ఆ నెల ఫీజు కట్టలేదు అనుకోండి. 6,000 తగ్గుతుంది. అప్పుడు మిగిలేది 2,000 మాత్రమే. ఎండాకాలం సెలవుల్లో ఫీజు రాదు. కిరాయి మాత్రం ఆగదు.

ఈ లెక్క రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, చిన్న బడి నడిపేవాళ్ళందరూ మూటలు కట్టుకుంటున్నారు అనుకోవద్దు. రెండు, ఆ టీచరమ్మను చూడండి. నెలకు 6,000 అంటే రోజుకు 200 రూపాయలు. ఇంత తక్కువ జీతానికి పని చేసే టీచరు మంచి జీతం దొరికిన రోజు వెళ్ళిపోతుంది. సంవత్సరం మధ్యలో టీచరు మారితే నష్టం పిల్లకు. అందుకే టీచరు జీతం మన సంగతి కూడా.

దీనికి రూలు ఉంది. 1994 జనవరి 1న వచ్చిన జీ.ఓ. నంబరు 1 ప్రైవేటు బడుల గురించి చెబుతుంది. ఫీజుల మీద వచ్చిన పైసల్లో సగం టీచర్ల, సిబ్బంది జీతాలకు పోవాలి. యాజమాన్యానికి నూటికి 5 రూపాయలే. మిగతాది బడి బాగుకు, సిబ్బంది మేలుకు ఖర్చు పెట్టాలి.

గుర్తింపు అంటే ఏమిటి?

రేషన్ కార్డు ఉంటేనే రేషన్ బియ్యం ఇస్తారు. బడికి కూడా అట్లాంటి కాగితం ఉండాలి. దానినే గుర్తింపు అంటారు. విద్యాశాఖ అధికారులు గుర్తింపు కాగితం ఇస్తారు.

2009లో విద్యా హక్కు చట్టం వచ్చింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ దాకా పిల్లల చదువు వాళ్ళ హక్కు అని చెప్పింది. ఆ చట్టం ప్రకారం:

గుర్తింపు లేకుండా బడి నడపరాదు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా.

చిన్న తరగతుల్లో 60 మంది దాకా పిల్లలుంటే కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలి. 61 నుంచి 90 దాకా ఉంటే ముగ్గురు ఉండాలి.

మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలి. తాగే నీళ్ళు ఉండాలి.

పిల్లల్ని చేర్చుకోవడానికి పరీక్ష పెట్టరాదు. డొనేషన్ అడగరాదు.

పిల్లల్ని కొట్టరాదు. మనసు నొచ్చేటట్టు అవమానించరాదు.

గుర్తింపు ఏ తరగతి దాకా ఉందో కూడా చూడాలి. ఐదో తరగతి దాకానే గుర్తింపు ఉన్న బడి ఆరు, ఏడు నడిపితే ఆ తరగతులకు గుర్తింపు లేనట్టే. గుర్తింపు లేని బడి తన పేరు మీద పదో తరగతి పరీక్షకు పిల్లల్ని పంపలేదు. 1928 నాటి బడికి వచ్చిన చిక్కే ఇది. ఆనాడు బడి పెట్టినవాళ్ళు ముందుచూపుతో దారి వెతికారు. ఈనాడు తల్లి ముందుగా అడిగి తెలుసుకోవాలి.

గుర్తింపు విలువ కరోనా కాలంలో కూడా తెలిసింది. 2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. ఫీజులు రాలేదు. ప్రైవేటు టీచర్ల జీతాలు ఆగాయి. కొందరు కూలికి పోయారు. కొందరు కూరగాయలు అమ్మారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఒక సాయం ప్రకటించింది. టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని చెప్పింది. అయితే అది గుర్తింపు ఉన్న బడుల్లో పని చేసేవాళ్ళకే.

కొడుకు ఏ బడికి? బిడ్డ ఏ బడికి?

ఇప్పుడు మన ఇంటి సంగతి మాట్లాడుకుందాం. కోపం తెచ్చుకోవద్దు.

చాలా ఇళ్ళల్లో కొడుకును ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపుతారు. బిడ్డను సర్కారు బడికి పంపుతారు. ఎందుకని అడిగితే, "ఆడపిల్ల ఎప్పటికైనా ఒకరింటికి పోయేదే కదా" అంటారు.

సర్కారు బడికి పంపడం తప్పు కాదు. అక్కడ టీచరు కొలువుకు చదువు, శిక్షణ, పరీక్ష ఉన్నాయి. పుస్తకాలు, బట్టలు ఉచితం. మధ్యాహ్నం అన్నం పెడతారు. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం కూడా మొదలుపెట్టారు. తప్పు ఎక్కడుందంటే, ఒక బిడ్డను ఎక్కువగా, ఇంకో బిడ్డను తక్కువగా చూడటంలో ఉంది.

దుర్గాబాయి ఆడపిల్లే. ఆమె తల్లి అట్లా అనుకుని ఉంటే ఆ వీధి బడి ఉండేది కాదు. ఆంధ్ర మహిళా సభ ఉండేది కాదు.

అన్నకు ట్యూషను, చెల్లెకు అంట్లు అనే ఇల్లు మారాలి. ఏ బడికి పంపినా ఇద్దరికీ చదువుకునే సమయం సమానంగా ఇవ్వాలి. ఇద్దరి ప్రోగ్రెసు కార్డు తల్లి చదవాలి.

బడికి పోయి చదవాల్సినవి

ఇదివరకు బడికి పోతే వేలిముద్ర వేసి వచ్చేవాళ్ళం. ఇప్పుడు చదవగలం. కాబట్టి చదివిన తరువాతే సంతకం పెట్టాలి.

1. గుర్తింపు కాగితం. ఏ తరగతి దాకా ఉంది? ఏ సంవత్సరం దాకా ఉంది?

2. ఫీజు రసీదు. కట్టిన ప్రతిసారీ తీసుకోవాలి. దాని మీద బడి పేరు, పిల్ల పేరు, తేదీ, కట్టిన పైసలు ఉండాలి. నోటిమాట మీద పైసలు ఇవ్వవద్దు.

3. పిల్ల పేరు, పుట్టిన తేదీ. రిజిస్టరులో సరిగా రాశారా? ఇక్కడ ఒక అక్షరం తప్పు పడితే పదో తరగతి కాగితం దాకా ఆ తప్పు నడుస్తుంది.

4. టీసీ. పిల్ల బడి మారేటప్పుడు ఇచ్చే కాగితం. ప్రైవేటు బడి నుంచి సర్కారు బడికి మారితే, టీసీ ఆలస్యమైందని పిల్లను చేర్చుకోకుండా ఉండరాదు. ఎనిమిదో తరగతి దాకా ఈ హక్కు ఉంది.

ఏదైనా అనుమానం వస్తే మండల విద్యాధికారిని అడగవచ్చు. జిల్లా విద్యాధికారికి అర్జీ రాయవచ్చు. అర్జీ ఒక్కరు రాయడం కన్నా నలుగురు తల్లులు కలిసి రాయడం మంచిది.

అడగడం అంటే కొట్లాట కాదు. మంచిగా నడిపే బడికి అడిగే తల్లులే అండ. కాగితం సరిగా ఉంటే వాళ్ళు సంతోషంగా చూపిస్తారు. మనం కూడా మన మాట నిలబెట్టుకోవాలి. ఒప్పుకున్న ఫీజు చెప్పిన తేదీకి కట్టాలి. నమ్మకం రెండు దిక్కుల నుంచి ఉంటేనే ఇంట్లో పుట్టిన బడి ఊరి బడి అవుతుంది.

కొత్త మాటలు

ఖాన్గీ బడి: సొంతంగా నడిపే బడి, ప్రైవేటు బడి
గుర్తింపు: బడి నడపడానికి సర్కారు ఇచ్చే ఒప్పుదల
యాజమాన్యం: బడిని నడిపేవాళ్ళు
రసీదు: పైసలు ముట్టినట్టు ఇచ్చే కాగితం
అర్జీ: అధికారికి రాసే ఉత్తరం

జవాబులు రాయండి

1. దుర్గాబాయి ఆడపిల్లల బడిని ఏ సంవత్సరంలో పెట్టింది? ముందుగా ఎవరికి నేర్పింది?
2. 1928లో హైదరాబాదులో పెట్టిన తెలుగు బడికి ఏ చిక్కు వచ్చింది? వాళ్ళు ఏ దారి వెతికారు?
3. బడిలో 80 మంది పిల్లలు ఉంటే చట్టం ప్రకారం కనీసం ఎంతమంది టీచర్లు ఉండాలి?
4. నెలకు 600 రూపాయల ఫీజు. పది నెలలకు ఎంత అవుతుంది?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో కొడుకు చదువుకు ఏడాదికి ఎంత ఖర్చు పెడుతున్నారు? బిడ్డ చదువుకు ఎంత? తేడా ఉంటే ఎందుకు ఉంది?

చేసి చూడండి

ఈ వారంలో మీ పిల్లల బడికి పోండి. అది సర్కారు బడి అయినా, ప్రైవేటు బడి అయినా సరే. రిజిస్టరులో మీ పిల్ల పేరు మీరే చదవండి. మీ పేరు కూడా అక్కడ ఉంటుంది. అది సరిగా రాశారో లేదో చూసి వచ్చి, మీ కేంద్రంలో పలక మీద రాసి చూపించండి.